మా కారులోని రొద

ఈ సంచికలో పెద్దలు త్యాగరాజస్వామిని గూర్చియు, చెన్నపురి తెలుగువారి దానధర్మములను గూర్చియు వ్రాయుచుందురు. అట్టి వ్యాసముల నడుమ ఒక కారు స్టీరియోలోని కీచుచప్పుడును గూర్చి వ్రాయబూనుట సాహసమని యెరుగుదును. నేను పండితుడను గాను. ఎస్.ఎస్.ఎల్.సి.తో చదువు చాలించి, రేవునకు ఎదుటనున్న ఒక కంపెనీలో నలుబదియేండ్లు గుమాస్తాగిరి చేసి, 2017లో విరమించినవాడను. "మీకు తెలిసినది ఏదైనా వ్రాయుడు" అని సంఘమువారు పలుమారు కోరిరి. ఈ రెండేండ్లలో నేను కష్టపడి తెలిసికొన్నది ఈ యొక్క విషయమే. కావున పాఠకులు మన్నింతురుగాక.

మా అమ్మ నెల్లూరు జిల్లాలో సముద్రపుటొడ్డు పల్లెలో పుట్టినది. 1955లో పెండ్లియై పెరంబూరునకు కాపురమునకు వచ్చినది. అంతకు రెండేండ్లకు ముందే, 1953 అక్టోబరు 1వ తేదీన, ఆంధ్రరాష్ట్రము వేరుపడినది; చెన్నపట్టణము మనది కాదని తేలిపోయినది. "పట్నం చేజారినాక నన్ను పట్నానికి పంపినారు" అని ఆమె నవ్వుచుండెడిది. 1988లో మా యింటికి ఒక టూ-ఇన్-వన్ వచ్చినది. ఒక సాయంకాలము అమ్మ మా అమ్మాయిని ఒడిలో కూర్చుండబెట్టుకొని తన పల్లెను గూర్చి చెప్పుచుండగా, ఆమెకు తెలియకుండ మీట నొక్కితిని. ఇరువదియారు నిమిషములు పట్టినది. అప్పటికి మా అమ్మాయికి అయిదేండ్లు. 1993లో అమ్మ గతించినది. మా యింట ఆమె గొంతు మిగిలినది ఆ ఇరువదియారు నిమిషములే.

మా అమ్మాయి తమిళుల యింటి కోడలైనది. అల్లుడు ఉత్తముడు, ఆ విషయమున నాకేమియు కొరతలేదు. కాని మనుమరాలికి ఇంట తమిళము, బడిలో ఇంగ్లీషు. తెలుగు తాతయ్యతో మాత్రమే. వారమునకు మూడు సాయంకాలములు అణ్ణానగరులోని బడినుండి ఆ పిల్లను కారులో ఎక్కించుకొని, అయనావరము మీదుగా పెరంబూరునకు తెచ్చి, సంగీతపు తరగతిలో దించుట నా వంతు. సందడిని బట్టి అరగంట పట్టును. ఆ అరగంటయే ఆమెకు తెలుగు బడి. అందుకొరకే ఆ క్యాసెట్టును మా మేనల్లునిచేత ఫోనులోనికి ఎక్కించితిని. నావద్ద మూలబడియున్న పాతఫోను ఒకటి దానికే కేటాయించితిని. బ్యాటరీ చచ్చిన ఫోను. ఛార్జరు తగిలించినగాని పది నిమిషములైనను బ్రతుకదు. దానినుండి ఒక వైరు కారు స్టీరియోకు, మరియొక వైరు సిగరెట్టు సాకెట్టులోని ఛార్జరునకు.

బండి స్టార్టు చేసినంతనే అమ్మ మాటతోబాటు ఒక సన్నని కీచుధ్వని మొదలయ్యెను. కాలు నొక్కినకొలది అది పై స్థాయికి ఎక్కును; కాలు తీసినచో దిగును. మా మనుమరాలు మొదట నవ్వి, "తాతా, బండి సరిగమలు పాడతా ఉంది" అనెను. నేనును నవ్వితిని. కాని మా అమ్మది మెత్తని గొంతు; అందులో దూరమునుండి పట్టినది. ఈ కీచు సరిగా ఆమె హల్లుల మీదనే పడుచుండెను. "క" యేదో "త" యేదో తెలియదు; రాగము మాత్రము వినబడును. తెలుగు బాగుగా వచ్చిన నాకే ఊహతో పూరించుకొనవలసి వచ్చినప్పుడు, చిన్నపిల్ల యేమి చేయగలదు? పదిదినములు గడచిన పిమ్మట కిటికీలోనుండి బయటికి చూచుచు, "తాతా, అవ్వ వద్దు. పాట పెట్టు" అనెను. ఆనాడు పాటయే పెట్టితిని. ఇంటికి వచ్చిన తరువాత ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

మరునాడు జనరల్ ప్యాటర్స్ రోడ్డునకు పోతిని. కారు అలంకారములకు ఆ వీధి పెట్టినది పేరని చెన్నపట్టణమున ఎవరికి తెలియదు? ఒక దుకాణములో కుఱ్ఱవాడు అయిదు నిమిషములు విని, "నాయిజు ఫిల్టరు వేయాలి సార్" అని ఒక చిన్న డబ్బాను స్టీరియో యెఱ్ఱవైరునందు అమర్చెను. డబ్బు పుచ్చుకొనెను. కీచు ఇసుమంతయు తగ్గలేదు. రెండవ దుకాణమువారు స్టీరియోనే మార్చవలెననిరి. ఇక మేనల్లుడు బ్లూటూతు గ్రాహకము ఒకటి తెచ్చి యిచ్చెను. ఫోనునకు వైరు అక్కరలేదు గదా అని సంతోషించితిని. కాని ఆ గ్రాహకము అదే సాకెట్టునుండి కరెంటు తీసికొని, అదే రంధ్రమున స్టీరియోకు తగులుచున్నది గనుక, కీచు ఇంతయు మారక మరల ప్రత్యక్షమయ్యెను. క్రొత్తబండ్లలో స్టీరియోలోపలనే బ్లూటూతు ఉండును. అట్టి బండ్లు గలవారికి ఈ బాధ లేదు, వారు ఈ పుట త్రిప్పివేయవచ్చును.

నన్ను ఒడ్డున వేసినవారు చింతాద్రిపేటలో నివసించు ఒక వృద్ధులు. వయస్సు ఎనుబదికి పైమాట. వాల్వుల రేడియోల కాలమునుండి బాగుచేత పని చేసినవారు. వీరిది తెలుగిల్లు, వీధిలో తమిళము. చింతాద్రిపేట తెలుగువారికి క్రొత్తది కాదు గదా. 1734లో గవర్నరు మార్టన్ పిట్టు కాలమున, నేతగాండ్రకొరకు ఆ పేటను కట్టినది సుంకురామశెట్టి తోట యుండిన చోటనే. నేడు దాని ప్రక్కనే యున్న రిచ్చీవీధిలో నేతమగ్గములకు బదులు వైర్లును, సర్క్యూటు బోర్డులును అమ్ముచున్నారు.

ఆయన నా కథయంతయు విని, "నాయనా, రోగం యేదో తెలియకుండా మందు కొన్నావు. ముందు నాలుగు ప్రశ్నలడుగుదాం పద, బండి యెక్కడ?" అనిరి.

ఆ నాలుగు ప్రశ్నలును నాకు ఎంతయో నచ్చినవి. మా ఆఫీసులో ఖాతా మొత్తము పొసగనప్పుడు పుస్తకమును సగము చేసి ఏ సగమున తేడా యున్నదో చూచెడివారము. ఆ సగమును మరల సగము చేసెడివారము. ఆయన చేసినదియు అదియే. ఇంజను ఆపి, తాళము మాత్రము త్రిప్పి ఫోనును వాయింపజేసిరి: కీచు లేదు. కావున తప్పు స్టీరియోలో పుట్టినది కాదు, ఇంజను తిరుగునప్పుడు పుట్టుచున్నది. ఇంజను నడుపుచు రేడియో పెట్టిరి: కీచు లేదు. కావున స్టీరియోకు వచ్చు కరెంటు దారిలో తప్పు లేదు. నేను కొన్న ఫిల్టరు ఎందులకు పని చేయలేదో అప్పుడు తెలిసినది. పిమ్మట ఛార్జరు పెరికివేసి ఫోనును ఉన్న కొద్దిపాటి బలముతో వాయింపజేసిరి: కీచు లేదు! మరల ఛార్జరు తగిలించిరి: కీచు వచ్చినది. "ఇదుగో దొంగ. రెండు వైర్లూ కలిసి ఉన్నప్పుడే వస్తా ఉంది. రెండు దోవలున్నాయి దీనికి" అనిరి.

ఇచ్చట ఆయన నాకు బోధించినదానిని కొంత విస్తరించి చెప్పవలెను. కారులో కరెంటును పుట్టించునది ఆల్టర్నేటరు. అది పుట్టించునది మూడు ఫేజుల అటునిటు కరెంటు. ఆరు డయోడ్లు దానిని ఒకే దిక్కునకు మరల్చును. కాని నున్నగా మరల్చలేవు. పళ్ళెములోని పాయసము పైకి మీగడ ముడుతలు పడినట్లు కొన్ని అలలు మిగిలిపోవును. సాధారణముగా ఆల్టర్నేటరులో పండ్రెండు ధ్రువము లుండును. అది ఒకసారి తిరిగినచో ముప్పదియారు అలలు. ఇంజను నిమిషమునకు 800 సార్లు తిరుగుచుండగా, ఆల్టర్నేటరు బెల్టువలన రెండింతలు తిరుగుననుకొన్నచో, సెకనుకు ఇంచుమించు 960 అలలు వచ్చును. అది చెవికి చక్కగా వినబడు స్వరము. ఇంజను వేగము మూడింతలైనచో స్వరమును మూడింతలగును. బండి సరిగమలు పాడుచున్నదని మా మనుమరాలు అన్నమాట శాస్త్రసమ్మతమే.

ఇక ఈ అల స్టీరియోలోనికి ఎట్లు దూరినది? కారులో ప్రతి దీపమునకును రెండు వైర్లు లాగరు. ఒక వైరు లాగి, తిరుగుదారికి బండి ఇనుపదేహమునే వాడుకొందురు. దానినే మెకానిక్కులు "బాడీ ఎర్తు" అందురు. ఆ దేహమునుండి బ్యాటరీ ఋణధ్రువమునకు ఒక లావుపాటి పట్టీ పోవును. దీపములు, ఫ్యాను, అన్నిటి కరెంటును ఆ పట్టీమీదుగా తిరిగిపోవలెను. మా సిగరెట్టు సాకెట్టు ఆ దేహమునకు తగిలియున్నది. కాని మా స్టీరియోను పూర్వపు యజమాని అమర్పించినప్పుడు, ఎవరో బుద్ధిమంతుడు దాని ఎఱ్ఱవైరును నల్లవైరును తిన్నగా బ్యాటరీకే లాగియుండెను. అనగా ఛార్జరు నేల ఒకటి, స్టీరియో నేల మరియొకటి. ఆ రెండు నేలలకు నడుమ ఆ పట్టీ యున్నది. నా ఫోను ఒక కాలు ఇచ్చట, ఒక కాలు అచ్చట పెట్టి నిలిచినది! పట్టీగుండా పోవలసిన కరెంటులో కొంత, ఈ క్రొత్త వంతెన దొరికినది గదాయని, నా పాటవైరు కవచముగుండా పోవుచున్నది. దానితో ఆల్టర్నేటరు అలలును పాటలో కలియుచున్నవి. దీనిని ఎర్తు లూపు అందురు.

ఆయన మల్టీమీటరు తీసి, ఇంజను నడుపుచు, హెడ్లైట్లును ఫ్యానును వేయించి, బ్యాటరీ ఋణధ్రువమునకును బండి దేహమునకును నడుమ కొలిచిరి. 0.3 వోల్టు చూపినది. "ఇది ఉండకూడదు. వందో వంతుల్లో ఉండాల" అనిరి. ఫోను ఎంత గట్టిగా పాడినను పాటవైరులో అరవోల్టు దాటుట అరుదు. మా అమ్మ మెల్లని మాట అందులో ఎంతటి లేశమో ఊహించుకొనుడు. ఈ 0.3 వోల్టులో అలగా కదలు భాగము మాత్రమే చెవికి తెలియునన్నను, ఆ భాగమే అమ్మను మ్రింగివేయుటకు చాలును.

బానెట్టు ఎత్తి ఆ పట్టీ చివర చూపిరి. బోల్టు క్రింద పచ్చగా, తెల్లగా ఉప్పు పూచియున్నది. సముద్రపుగాలి ఇనుమునకును రాగికిని శత్రువని మనకు తెలియనిదా? మా బీచి లైను ఆఫీసులో ఇనుపబీరువా తలుపులకు ఏటేట రంగు పూయించెడివారము. పట్టీ తీయుటకు ముందు ఇంజను ఆపించి, బ్యాటరీ ఋణధ్రువపు వైరును విప్పిరి. ఆ జాగ్రత్త మరువరాదనిరి. గరుకు కాగితముతో బోల్టును, పట్టీ కొనను, దేహముపై అది ఆనుచోటును తళతళలాడువరకు రుద్ది, బిగించి, పైన వాజలీను పూసిరి. మరల కొలువగా 0.04 వోల్టు. కీచు నాలుగు పాళ్ళలో మూడు పాళ్ళు పోయినది. దుకాణములలో నేను వెచ్చించిన సొమ్ము జ్ఞాపకము వచ్చి సిగ్గుపడితిని. గరుకు కాగితము ఒక్క తునక!

"ఫోనుకు కొత్త బ్యాటరీ వేస్తే మొదటిరోజే కీచు పోయేది, తెలుసునా?" అని ఆయన అడిగిరి. "అయితే ఆ కుళ్ళిన పట్టీ అట్లే ఉండేది. రేపు హెడ్లైటు మసకబారినాక మళ్ళీ యెక్కడికో పోయి దీపాలు మార్చేవాడివి." ఆ మాట నా మనస్సునకు బాగుగా నాటినది.

మిగిలిన పాతికపాలు కీచునకు మందు రిచ్చీవీధిలో దొరికినది. అగ్గిపెట్టె అంత డబ్బా. అందులో చెవికొకటిగా రెండు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు. ఇనుపగుండె మీద రెండు చుట్లు. ఒక చుట్టుకును మరియొక చుట్టునకును తీగసంబంధము లేదు. పాట అయస్కాంతముగా మారి ఆవలికి దాటి మరల పాటయగును. నేలకరెంటు మాత్రము దాటలేదు. 1831లో ఫారడే కనుగొన్న ధర్మమే. చవుక డబ్బాలలో మృదంగపు గుమికి వంటి లోతునాదము కొంత తగ్గునని ఆయన ముందే చెప్పిరి. నాకు మృదంగముతో పనిలేదు. పాటవైరునడుమ దానిని తగిలించినంతనే కీచు నిశ్శేషముగా పోయినది.

ఆ సంతోషమున ఆయనతో కాఫీ త్రాగుచు కూర్చుంటిని. ఆయన పాతకాలపు ముచ్చట్లు చెప్పిరి. కారు రేడియోకును రొదకును పుట్టుకతోనే చుట్టరికమట. 1930లో అమెరికాలో గాల్విన్ సోదరులు మోటరోలా అను పేర కారు రేడియోలు అమ్మినప్పటినుండియు ఇంజను రొదతో పోరాటమే. స్పార్కుప్లగ్గు నిప్పురవ్వ అనునది తానే ఒక చిన్న ప్రసారకేంద్రము. హెర్ట్జు పండితుడు 1880ల చివర వైర్లెస్ అలలను మొట్టమొదట పుట్టించినది అట్టి నిప్పురవ్వతోనే గదా! అందుచేత ఒక్కొక్క ప్లగ్గునకు ఒక నిరోధకము, డైనమోకు ఒక కండెన్సరు కట్టవలసి వచ్చెడిది. "ఆ రోజుల్లో టికటిక. డైనమో పోయి ఆల్టర్నేటరు వచ్చినాక కీచు. జబ్బు మారింది, వైద్యుడు వాడే" అని నవ్విరి.

ఆయన మాటలు వినుచుండగా మా నాన్నగారి వాల్వు రేడియో కనులయెదుట నిలిచినది. మన చెన్నపట్టణము రేడియో విషయమున దేశమునకు దారిచూపినది. 1924లోనే సి.వి. కృష్ణస్వామిశెట్టి ప్రభృతులు మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బును స్థాపించి ప్రసారములు చేసిరి. డబ్బుచాలక 1927లో అది ఆగిపోగా, ఆ యంత్రముతో 1930లో కార్పొరేషనువారు మొదలిడిరి. 1938 జూను 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రము వెలసినది. మా నాన్నగారు సాయంకాలము తెలుగు కార్యక్రమము వచ్చు వేళకు మడతకుర్చీ వేసికొని కూర్చుండెడివారు. ఎదురింటి మిక్సీ తిరిగెనా, వార్తలు వేగిన ఆవాలైపోవును. "వాళ్ళ పచ్చడి అయ్యేదాకా మనకు తెలుగు లేదు" అని ఆయన విసుగుకొనెడివారు. రొద గాలిలోని అల యెత్తును చెఱచును. మీడియం వేవులో పాట ఆ యెత్తుననే యుండును గనుక రెండును కలిసిపోవును. యెత్తును విడచి అల త్వరితమున పాటను దాచు ఎఫ్.ఎం. పద్ధతికి 1933లో ఆర్మ్‌స్ట్రాంగు పేటెంటు పొందెను. అది మన దేశమున మొట్టమొదట వినబడినది ఈ చెన్నపట్టణముననే, 1977 జూలై 23న. మా కారు రేడియోలో కీచు లేకపోవుటకు ఆ పద్ధతియు కొంత తోడ్పడినదని వృద్ధులు చెప్పిరి.

ఇంటికి వచ్చి, వాకిట బండి నిలిపి, ఇంజను ఆపకయే అమ్మ మాటను మొదటినుండి చివరవరకు వింటిని. అప్పుడు మరియొక రొద బయటపడినది. ఈ సారి తప్పు బండిది కాదు. క్యాసెట్టులోనే యున్నది. టేపు సహజముగా చేయు బుస్సు. కరెంటునుండి టూ-ఇన్-వన్ పట్టిన సన్నని హుంకారము. ఎక్కడనో కుక్కరు ఈల. దూరమున పెరంబూరు రైలు కూత. నడుమ ఒకచోట మా నాన్నగారి దగ్గు. ముప్పదియేండ్లకు పైగా ఆ దగ్గు అందులో నున్నదని నాకు తెలియనే తెలియదు. కీచు క్రింద అదియు అణగిపోయియుండెను.

మా మేనల్లుడు కంప్యూటరులో ఆ రొదనంతయు తీసివేయుదునని పూనుకొనెను. ఒక సాయంకాలము పనిచేసి తెచ్చి వినిపించెను. నిజమే, బుస్సు లేదు, హుంకారము లేదు. కాని అమ్మ "స" పలికినప్పుడెల్ల నాలుక మొద్దుబారినట్లుండెను. మాటకును మాటకును నడుమ ఆమె పీల్చు ఊపిరి పోయినది. నాన్నగారి దగ్గు సగము తెగినది. ఎవరో అమ్మను అనుకరించుచున్నట్లు తోచినది. బుస్సు ఉన్న చోటనే ఆమె ఊపిరియు ఉండుటచే యంత్రము రెంటికిని భేదము నెరుగజాలదు. నేను అతని శ్రమకు సంతోషించి, రెండు ప్రతులను దాచుకొని, బండిలో మాత్రము పాతదానినే ఉంచితిని. హుంకారము ఒక్కటి తీసిన ప్రతి వేరుగా చేసి యిమ్మని కోరితిని. అది ఇంకను రాలేదు.

తరువాతి బుధవారము మనుమరాలిని బడినుండి ఎక్కించుకొంటిని. ఏమియు అడుగక అవ్వనే పెట్టితిని. పాట కావలెనని ఆమె అడుగునేమోయని గుండె కొట్టుకొనుచుండెను. అయనావరము దాటువరకు పిల్ల మాటాడలేదు. నేను అద్దములో చూచుచుంటిని. కిటికీవైపు చూచుటలేదు, ముందుకు వంగి స్టీరియోవైపు చూచుచున్నది. అమ్మ తన పల్లెలో వేసవిని గూర్చి చెప్పుచున్నది. పిల్ల హఠాత్తుగా, "ఆపు తాతా, ఆపు. అవ్వ ఏమో నీళ్ళ కోసం పోయింది. దొరువంట. దొరువంటే ఏంది?" అనెను.

ఆ మాట నేను మరచిపోయి ఎన్నియో యేండ్లైనది. ఇసుకనేలలో లోతులేని గొయ్యి త్రవ్వినచో ప్రక్కలనుండి తియ్యని నీరు ఊరివచ్చును. సముద్రము కేకవేటు దూరమున ఉన్నను ఆ నీరు ఉప్పుకాదు. దానితో చెట్లకు పోసెడివారు, బిందెలు నింపెడివారు. అదియే దొరువు. బండిని ఒక ప్రక్కకు నిలిపి చెప్పితిని. ఆమె నమ్మలేదు. "సముద్రం పక్కన తీపి నీళ్ళా? పో తాతా" అనెను.

ఆదివారము తెల్లవారుజామున మెరీనాకు తీసికొనిపోతిని. అలలకు బాగుగా దూరముగా కూర్చుండి, నేనొక చేత, ఆమె రెండు చేతుల, ఇసుక త్రవ్వితిమి. నా మోచేతి లోతునకు తడి యిసుక తగిలినది. నీరు ఇంకను రాలేదు. నా నడుము పట్టుకొన్నది, లేవబోతిని. "ఇంకా తవ్వు తాతా, అవ్వ అబద్ధం చెప్తుందా" అని నా చొక్కా పట్టి లాగెను.